రహదారుల పరీక్ష – ప్రయాణ భద్రత

వర్షాకాలమున బస్సు అదుపు తప్పినదను వార్త చదివినపుడు మనము డ్రైవరునో, బ్రేకులనో నిందింతుము. ఆ బాటను ఎవరైనా పరీక్షించితిరా అని అడుగువారు అరుదు. మనుష్యులకు వలెనే రహదారులకు కూడ పైకి కనిపించని రుగ్మతలు కలవు. వానిని కంటితో గాక కొలతతో కనుగొనవలెను.

పరీక్షలు ముఖ్యముగా మూడు విధములు. మొదటిది బలపరీక్ష. ఇందుకు వాడు బెంకల్మన్ బీమును అమెరికాలో 1953 ప్రాంతమున రూపొందించిరి. వెనుక ఇరుసుపై 8,170 కిలోల బరువుగల లారీని నిలిపి, జంట చక్రముల నడుమ బీము కొనను ఉంచుదురు. లారీ ముందుకు సాగగా, క్రుంగిన బాట తిరిగి ఎంత పైకి లేచినదో డయల్ గేజి చూపును. ఆ కొలత ఎంత హెచ్చుగానున్న, బాట అంత బలహీనమని అర్థము. ఇల్లినాయ్ రాష్ట్రమున 1958–60లో జరిగిన ఆషో రోడ్ టెస్టు మరియొక సత్యమును తెలిపినది. ఇరుసు బరువు రెట్టింపైనచో బాటకు నష్టము రెండింతలు కాదు, దాదాపు పదహారింతలు! అధికభారముతో నడచు లారీ ఎంత హాని చేయునో దీనినిబట్టి గ్రహింపవచ్చును.

రెండవది ఎగుడుదిగుళ్ల పరీక్ష. బంప్ ఇంటిగ్రేటర్ అను చక్రమును జీపు వెనుక లాగుచు, కిలోమీటరుకు అది ఎన్ని మిల్లీమీటర్లు ఎగిరినదో లెక్కింతురు. నేడు లేజరు పరికరములు అమర్చిన వాహనములు ఈ పనిని మరింత వేగముగా చేయుచున్నవి.

మూడవది పట్టు పరీక్ష. భద్రతకు ఇది ప్రాణము వంటిది. టైర్ల రాపిడికి కంకర రాళ్లు క్రమముగా నునుపెక్కును. రాళ్ల నడుమ సందులు తారుతో పూడినచో వాననీరు పోవు దారి లేక పొరవలె నిలుచును. చూచుటకు అట్టి బాట అందముగానే ఉండును. కాని చక్రమునకు పట్టు చిక్కదు. గంటకు 80 కిలోమీటర్ల వేగముతో పోవు వాహనము, ఘర్షణ గుణకము 0.7 అయినచో బ్రేకు పడిన తరువాత సుమారు 36 మీటర్లలో ఆగును. గుణకము 0.35కు తగ్గినచో 72 మీటర్లు పోవును. ఆ మిగిలిన 36 మీటర్లలోనే ఒక పసివాడు రోడ్డు దాటుచుండవచ్చును.

ఈ పట్టును కొలుచుటకు తడిపిన బాటపై రబ్బరు ముక్కగల లోలకమును ఊపుదురు. ఇంతకన్న సులభమైనది ఇసుక పరీక్ష. 50 ఘన సెంటీమీటర్ల సన్నని పొడి ఇసుకను పొడిబాటపై పోసి, రాళ్ల సందులు నిండునట్లు గుండ్రముగా పరచవలెను. వృత్తపు వ్యాసము 25 సెంటీమీటర్లైనచో సందుల సగటు లోతు సుమారు 1 మిల్లీమీటరు. వ్యాసము 40 సెంటీమీటర్లైనచో 0.4 మిల్లీమీటరు మాత్రమే. ఇసుక ఎంత దూరము వ్యాపించిన, బాట అంత నునుపని తెలియవలెను.

ఒక్కసారి కొలిచినంత మాత్రమున చాలదు. ఒకే చోట ఏటేట కొలిచి వ్రాసియుంచిననే క్షీణత తెలియును. వానలకు ముందే మరమ్మతు సాధ్యమగును. విద్యార్థి మిత్రులు ఒక సెలవుదినమున, వాహనములు తిరుగని సమయమున, కళాశాల ఆవరణలోని తారుబాటపై ఈ ఇసుక పరీక్ష చేసి చూతురుగాక! గుంట పడిన పిదప పూడ్చుటకన్న, బాట ముందుగా చూపు గుర్తులను చదువ నేర్చుట మేలు.