ముందు ఇయర్‌ఫోన్, తర్వాతే ప్లేయర్

అమలాపురం నుంచి రాజమండ్రికి బస్సులో, భీమవరం నుంచి నిడదవోలుకి రైల్లో రోజూ ఉద్యోగానికి పోయొచ్చే వాళ్లకి స్థిమితంగా సంగీతం వినడానికి దొరికే సమయం తరచుగా ఆ ప్రయాణమే. అందుకే మంచి ప్లేయర్ కొందామనుకుంటారు. జీతం డబ్బుతో కొనేవాళ్లకి నా సలహా ఒకటే. ముందు ఇయర్‌ఫోన్, తర్వాత పాట ఫైలు, ప్లేయర్ చిట్టచివర్న.

బస్సు ఇంజిను రొదా, రైలు మోతా పాటలోని మంద్రాన్ని మింగేస్తాయి. ఎంత ఖరీదైన ప్లేయరైనా ఆ రొదని ఆపలేదు. ఆపేది చెవిలో బిగుతుగా కూర్చునే ఇయర్‌ఫోనే.

ఇయర్‌ఫోన్ పరీక్షకి వీణని మించింది లేదు. ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి గారిదో, ఆయన శిష్యుడు, కాకినాడలో పుట్టిన చిట్టిబాబు గారిదో ఒక రికార్డింగు పెట్టండి. మంద్ర తీగ మీటాక నాదం ఎంతసేపు నిలిచిందో, తీగ లాగినప్పుడు స్వరం ఎలా జారిందో వినండి. మంద్రం పల్చగా వినిపిస్తే వెంటనే ఇయర్‌ఫోన్‌ని తప్పుపట్టకండి. దాని రబ్బరు మూతి చెవిలో సరిగ్గా కూర్చోకపోయినా అలాగే ఉంటుంది. పెట్టెలో ఇచ్చిన సైజులన్నీ మార్చి చూడండి. కుడి చెవికి ఒకటి, ఎడమ చెవికి ఇంకొకటి సరిపోవడం మామూలే.

ఫైలు విషయానికొస్తే, సీడీ నాణ్యతని ఏమాత్రం తగ్గించకుండా దాచే ఫ్లాక్ రకం ఫైలు చాలు. పది నిమిషాల కీర్తన సాధారణంగా 50, 60 ఎంబీలు ఉంటుంది. 128 జీబీ కార్డులో అలాంటివి ఇంచుమించు 2,000 పడతాయి. పాత మోనో పాటని పెద్ద 24 బిట్ ఫైలుగా కొన్నంత మాత్రాన టేపులో లేని వివరం పుట్టుకురాదు. ఆ డబ్బు మిగుల్చుకోండి.

మామూలు బ్లూటూత్‌లో ఫ్లాక్ ఫైలు కూడా కుదించుకుపోయే చెవికి చేరుతుంది. ఎల్‌డాక్ అనే మెరుగైన బ్లూటూత్ పద్ధతి ఉంటే కొంత నయం, కానీ ఐఫోన్లో అది లేదు. అసలు నాణ్యతే కావాలంటే వైరే నయం. ఫోనుకి ఇయర్‌ఫోన్ రంధ్రం లేకపోతే యూఎస్‌బీకి తగిలించే చిన్న డాక్ (డిజిటల్ పాటని ఇయర్‌ఫోన్‌కి వినిపించేలా మార్చే పరికరం) వెయ్యి, రెండు వేలల్లో దొరుకుతుంది. 16 నుంచి 32 ఓమ్‌ల ఇయర్‌ఫోన్లలో చాలావాటికి ఆ బలం సరిపోతుంది.

మరి విడిగా ప్లేయర్ ఎవరికి? ఆఫీసు ఫోన్లు పాటకి అడ్డు రాకూడదనుకునేవాళ్లకి, సాయంత్రానికి ఫోను చార్జింగు అయిపోయేవాళ్లకి. కొనేటప్పుడు మెమరీ కార్డు పడుతుందా, బటన్లు జేబులోంచే నొక్కగలరా, బ్యాటరీ రెండు రోజులు వస్తుందా చూడండి. ఈ మూడూ లేనిదాన్ని ఈఎంఐ పెట్టి కొనొద్దు.

ఇంకొక్క మాట. 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇయర్‌ఫోన్ బిగుతుగా ఉంటే బస్సు రొదలోనూ సౌండు పెంచాల్సిన పని ఉండదు. అయితే ఆ బిగుతే వెనకొచ్చే లారీ హారన్‌నీ వినపడనివ్వదు. కాలవగట్టు మీద బండి నడిపేటప్పుడు మాత్రం దయచేసి రెండు చెవుల్లోంచీ తీసెయ్యండి.