పాత కారు - కొత్త లెక్క

పెట్రోలు బంకు ముందు వరుసలో నిలిచిన మధ్యతరగతి గృహస్థునికి తరచుగా ఒక ఆలోచన కలుగుతుంది. ఈ పాత కారును అమ్మివేసి విద్యుత్ కారు కొంటే ప్రతి నెలా ఎంత సొమ్ము మిగిలేదో కదా అని. ఆ ఆలోచనలో అసత్యం లేదు. అయితే అది సగం సత్యం మాత్రమే. మిగిలిన సగం తెలియాలంటే కాగితం, కలం తీసుకొని కూర్చోవలసి ఉంటుంది.

విద్యుత్ కారు నిన్న మొన్న పుట్టినది కాదు. పందొమ్మిదవ శతాబ్దపు చివరి సంవత్సరాలలో పెట్రోలు కార్లతో పాటే అవి కూడా వీధులలో తిరిగాయి. మన దేశంలో 2001లో బెంగళూరు నుండి 'రేవా' అనే చిన్న కారు వచ్చింది. సీసపు బ్యాటరీలతో నడిచిన ఆ కారు ఒకసారి చార్జి చేస్తే సుమారు 80 కిలోమీటర్లు వెళ్లేది. లిథియం అయాన్ బ్యాటరీలు చౌక కావడంతో పరిస్థితి మారింది. ఒక యూనిట్ విద్యుత్తును నిల్వ చేయగల బ్యాటరీకి 2010లో వెయ్యి డాలర్లకు పైగా ఖర్చు కాగా, 2024 నాటికి ఆ ఖర్చు 115 డాలర్లకు దిగింది. ప్రభుత్వాలు కూడా చేయూతనిచ్చాయి. 2019 ఆగస్టులో కేంద్రం విద్యుత్ వాహనాలపై జి.ఎస్.టి.ని 12 శాతం నుండి 5 శాతానికి తగ్గించింది. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం వీటికి రోడ్డు పన్ను, రిజిస్ట్రేషను రుసుము 2026 డిసెంబరు 31 వరకు మినహాయించింది.

హనుమకొండలో నివసించే ఒక అధ్యాపకుని ఇంటిని ఉదాహరణగా తీసుకోవచ్చు. ఆయన కారు 2011లో కొన్నది. కళాశాలకు, సంతకు, అప్పుడప్పుడు హైదరాబాదుకు కలిపి నెలకు 500 కిలోమీటర్లకు మించి తిరగదు. ఒకనాటి సాయంకాలం మందుల కంపెనీ ప్రతినిధిగా పనిచేసే ఆయన బావమరిది వచ్చి, "బావగారూ, ఇంకా ఈ పెట్రోలు బండి ఏమిటి? కిలోమీటరుకు ఏడు రూపాయలు కాలుస్తున్నారు. కరెంటు కారైతే రూపాయిన్నరతో సరి" అన్నాడు. అధ్యాపకుడు కాదనలేదు. కూతురి లెక్కల పుస్తకం చివరి పుట తీసుకొని వ్రాయడం మొదలుపెట్టాడు.

కారు సంవత్సరానికి తిరిగేది 6,000 కిలోమీటర్లు. లీటరుకు 15 కిలోమీటర్ల చొప్పున 400 లీటర్ల పెట్రోలు కావాలి. లీటరు 107 రూపాయలనుకుంటే 42,800 రూపాయలు. విద్యుత్ కారు, చార్జింగులో పోయే నష్టం కూడా కలుపుకొని, యూనిట్‌కు 6 కిలోమీటర్లు నడుస్తుందనుకుంటే 1,000 యూనిట్లు చాలు. యూనిట్ ధర ఎంత? ఇక్కడే చాలామంది పొరబడతారు. ఇంటి బిల్లులోని సగటు ధరను తీసుకుంటారు. నిజానికి కారు వాడే యూనిట్లు అన్నిటికంటె పైనున్న శ్లాబులో చేరుతాయి. నెలకు 250 యూనిట్లు వాడే ఇంటికి మరో 80 యూనిట్లు తోడైతే వాటికి పై శ్లాబు ధర పడుతుంది. అందుచేత అధ్యాపకుడు యూనిట్‌కు 9 రూపాయలు వేసుకున్నాడు. మొత్తం 9,000 రూపాయలు. ఇంధనంలో మిగులు 33,800. ఇంజను ఆయిలు, క్లచ్చి, స్పార్కు ప్లగ్గుల బెడద తప్పుతుంది కనుక మరమ్మతులలో మరో 12,000 మిగులుతుందనుకున్నా, కొత్త కారు పూర్తి బీమాకు 25,000 అదనంగా చెల్లించాలి. చివరకు సంవత్సరానికి మిగిలేది 20,800 రూపాయలు.

ఇక రెండవ వైపు. కొత్త కారు ధర 12 లక్షలు; పాత కారుకు లక్ష వస్తే ఇంకా 11 లక్షలు కావాలి. ఆ సొమ్మును బ్యాంకులో 7 శాతం వడ్డీకి ఉంచితే ఏటా 77,000 రూపాయలు వస్తాయి. అప్పు చేసి కొంటే 9 శాతం వడ్డీతో ఏడేళ్లపాటు నెలకు దాదాపు 17,700 రూపాయల వాయిదా. పైగా కారు షోరూము దాటిన నాటి నుండి విలువ తరుగుతూనే ఉంటుంది. పాత కారు విషయంలో ఆ తరుగుదల ఎప్పుడో ముగిసిపోయింది. పదిహేనేళ్లు నిండిన కారు రిజిస్ట్రేషనును తనిఖీ అనంతరం మరో ఐదేళ్లకు పునరుద్ధరించుకోవచ్చు. 2022 ఏప్రిల్‌లో ఆ రుసుము 600 రూపాయల నుండి 5,000కు పెరిగినా, 11 లక్షల ముందు అదేపాటి? పాత కారును తుక్కు కింద అప్పగిస్తే కొత్త కారు రోడ్డు పన్నులో 25 శాతం వరకు రాయితీ ఇవ్వవచ్చునని కేంద్ర నిబంధన. అసలు పన్నే లేని విద్యుత్ కారుకు ఆ రాయితీ వల్ల ఒరిగేదేమిటో!

ఆ 11 లక్షలు అధ్యాపకుడు కూతురి ఇంజనీరింగు చదువు కోసం దాచినవి. అయినా ఆ అమ్మాయే అడ్డుపడింది. "డబ్బు లెక్క సరే నాన్నా, పొగ లెక్క ఏది?"

ప్రశ్న న్యాయమైనదే. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. అంటే ఏటా 920 కిలోలు. విద్యుత్ కారుకు పొగగొట్టం లేదు. వీధిలో నడిచేవారికి అది నిస్సందేహంగా మేలు. కాని దేశంలో విద్యుత్తు అధికభాగం బొగ్గు నుండే వస్తున్నది. యూనిట్‌కు సుమారు 0.7 కిలోల వాయువు చొప్పున 1,000 యూనిట్లకు 700 కిలోలు. పొగ వీధి నుండి రామగుండం వంటి చోట్ల ఉన్న గొట్టాలకు మారుతుంది. తేడా 220 కిలోలు మాత్రమే. 30 యూనిట్ల బ్యాటరీ తయారీలోనే రెండు మూడు టన్నులు వెలువడతాయి కాబట్టి, ఇంత తక్కువగా తిరిగే కారులో ఆ బాకీ తీరడానికి పదేళ్లు పట్టవచ్చు. అమ్మిన పాత కారు మాయం కాదు. మరొకరి చేతిలో తిరుగుతూనే ఉంటుంది.

అమ్మాయి అంతటితో ఊరుకోలేదు. ఇంటి కప్పు మీద మూడు కిలోవాట్ల సౌర ఫలకాలు పెడితే ఎలా ఉంటుందని అడిగింది. 2024 ఫిబ్రవరిలో మొదలైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం కింద వాటికి 78,000 రూపాయల రాయితీ ప్రకటించారు. అవి నెలకు సుమారు 350 యూనిట్లు ఇస్తాయి. బొగ్గు విద్యుత్తుతో పోలిస్తే ఒక్క నెలలో ఆదా అయ్యే వాయువు 240 కిలోలకు పైమాటే. కారు మార్పు ఏడాదంతా కలిపి ఇచ్చే ఫలితం అంత లేదు. ఖర్చు కారు ధరలో అయిదో వంతుకు మించదు.

బావమరిది లెక్క వేరు. అతడు నెలకు 2,000 కిలోమీటర్లు తిరుగుతాడు. అతని కారు ఇంజను చివరి దశలో ఉన్నది. ఎలాగూ కొత్తది కొనక తప్పదు. కాబట్టి అతడు పోల్చవలసినది పాత కారును కాదు, కొత్త పెట్రోలు కారును. విద్యుత్ కారుకు అదనంగా అయ్యేది 3 లక్షలనుకుంటే, లీటరుకు 18 కిలోమీటర్లిచ్చే కొత్త పెట్రోలు కారు ఏటా 1,42,000 రూపాయలకు పైగా ఇంధనం తాగుతుంది. విద్యుత్ కారును సగం ఇంట్లో, సగం యూనిట్‌కు 18 రూపాయలిచ్చి దారిలోని కేంద్రాలలో చార్జి చేసినా 54,000 అవుతుంది. మూడున్నరేళ్లలోపే అదనపు ధర తీరిపోతుంది. చాలా కంపెనీలు బ్యాటరీకి ఇచ్చే హామీ 8 సంవత్సరాలు లేదా 1,60,000 కిలోమీటర్లు. అతని తిరుగుడుకు ఆరేడేళ్లలోనే ఆ దూరం పూర్తవుతుంది. ఆ పిమ్మట బ్యాటరీ మార్చవలసి వస్తే ఖర్చు లక్షలలో ఉంటుంది. ఈ మాట అధ్యాపకుడే అతనికి గుర్తుచేశాడు. ప్రకటనలో చెప్పిన దూరం వేసవిలో ఏ.సి. వేసుకొని విజయవాడ రహదారి మీద వేగంగా పోయేటప్పుడు రాదని కూడా చెప్పాడు.

మరుసటి వారం అధ్యాపకుడు పాత కారును రవాణా కార్యాలయానికి తీసుకువెళ్లి రిజిస్ట్రేషను పునరుద్ధరించుకున్నాడు. బావమరిది కారు కొనకముందే తన అపార్టుమెంటు సంఘం కార్యదర్శిని కలిశాడు. పార్కింగు స్థలంలో తన మీటరు నుండి తీగ వేసుకోవడానికి అనుమతి, విద్యుత్ శాఖ నుండి అదనపు లోడు మంజూరు, ఈ రెండూ చేతికి వచ్చిన తరువాతనే షోరూముకు బయాణా ఇచ్చాడు.