తలకు దెబ్బ తగిలి ఇంటికొచ్చాక: మందులతో పాటు చేయాల్సిన వైద్యం

చండ్రుగొండ మండల ఆరోగ్యశ్రీ లబ్ధిదారులకు

బండి మీద నుంచో, చెట్టు మీద నుంచో పడి తలకు గట్టి దెబ్బ తగిలింది. ఆపరేషన్ అయింది, ప్రాణం దక్కింది. చూడటానికి మనిషి బాగానే ఉన్నాడు. కానీ చెప్పింది మర్చిపోతాడు, చిన్నదానికే కోపం, పగలంతా నిద్ర. ఇంట్లోవాళ్లు బద్ధకం అంటారు, కొందరు గాలి సోకిందంటారు. రెండూ కాదు. అది మెదడు దెబ్బ. కుట్లు మానినంత తొందరగా మెదడు మానదు.

మందులు ఫిట్స్‌ను ఆపగలవు గానీ నడక, మాట నేర్పలేవు. దెబ్బతిన్న భాగం చేసే పనిని మెదడులోని మిగతా భాగాలు కొంతవరకు నేర్చుకుంటాయి. అందుకు రోజూ సాధన కావాలి. మొదటి ఆరు నెలల్లో మార్పు ఎక్కువగా ఉంటుంది. ఆ తర్వాత కూడా మానొద్దు.

ఏమేం చేయించాలి?

1. ఫిజియోథెరపీ: కాళ్లు చేతులు బిగుసుకుపోకుండా, తూలకుండా నడిచేలా వ్యాయామాలు. ఆసుపత్రిలో నేర్చుకుని ఇంట్లో చేయించండి.
2. ఆక్యుపేషనల్ థెరపీ: గుండీలు పెట్టుకోవడం, అన్నం కలుపుకోవడం వంటి సొంత పనులు. ఆలస్యమైనా ఆయనతోనే చేయించండి.
3. స్పీచ్ థెరపీ: మాటకే కాదు, మింగడానికి కూడా. నీళ్లు తాగితే పొలమారుతుంటే డాక్టరుకు తప్పక చెప్పండి. నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతే నిమోనియా వస్తుంది.
4. జ్ఞాపకం: ఫోన్‌లో అలారం, గోడకు క్యాలెండర్, ప్రతి వస్తువుకూ ఒకే చోటు.
5. కోపం: ఎదురు వాదించకండి. టీవీ కట్టేసి కాసేపు ప్రశాంతంగా వదిలేయండి. రోగికైనా, చూసుకునేవాళ్లకైనా మనసు బాగోలేకపోతే టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం.

చేయకూడనివి: సారా, కల్లు ముట్టొద్దు. డాక్టరు సరే అనేదాకా బండి నడపడం, చెట్లెక్కడం వద్దు. ఫిట్స్ మందు సొంతంగా ఆపొద్దు.

పథకం సంగతి

ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలు. డిశ్చార్జి రోజే మళ్లీ ఎప్పుడు రావాలో, ఏ థెరపీ ఎక్కడ దొరుకుతుందో ఆరోగ్యమిత్రను అడిగి రాయించుకోండి.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. వాటిలో "తల దెబ్బ" అని విడిగా లేదు. మిగిలిపోయిన లోపాన్ని బట్టే శాతం వేస్తారు. అందుకే డాక్టరు ముందు చెయ్యి, కాలు సంగతే కాదు, మాట, మతిమరుపు, ప్రవర్తన గురించి కూడా చెప్పండి. డిశ్చార్జి కాగితం, స్కాన్ రిపోర్టు దగ్గర ఉంచుకోండి. పింఛనుకు కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ కావాలి.

వెంటనే 108కి ఫోన్ చేయండి: తలనొప్పి పెరుగుతూ ఉన్నా, ఆగకుండా వాంతులైనా, ఫిట్స్ వచ్చినా, లేపినా లేవకపోయినా, ఒక పక్క చచ్చుబడినా.

ఇది చదవలేని ఇంటివాళ్లకు మీరు చదివి వినిపించండి.