కాపరి కొరకు కనిపెట్టుచున్న సంఘము

చదువవలసిన భాగములు: అపొస్తలుల కార్యములు 1:15–26, 6:1–6, 1 సమూయేలు 16:6–13



ఈ నెల పాఠములో మనము దూరదేశములోని ఒక చిన్న సంఘమును మనస్సునకు తెచ్చుకొందము. స్కాట్లాండు దేశములో కొండల నడుమను, సముద్రతీరములను చిన్న చిన్న రాతి దేవాలయములు అనేకమున్నవి. వాటిలో ఒకదాని పాదిరిగారు వయస్సు మీరి పనినుండి విరమించుకొనిరి. దేవాలయము చెంతనున్న పాదిరిగారి యింటికి తాళము పడినది. ఆదివారమున కూడుకొను కొద్దిమంది ఇప్పుడు క్రొత్త కాపరిని వెదకవలెను. వారెట్లు వెదకుదురు? ఏర్పరచు అధికారము ఎవరిది? కాపరి లేని దినములలో ఆ మంద ఏమగును? ఈ ప్రశ్నలు స్కాట్లాండు వారికి మాత్రమే చెందినవి కావు. కాపరి మారిన ప్రతి సంఘమునకును చెందినవి.

1. ఖాళీ యేర్పడినప్పుడు జరుగు పని

స్కాట్లాండు సంఘము ప్రెస్బిటేరియన్ పద్ధతి ననుసరించునది. వారికి బిషప్పులు లేరు. ప్రతి సంఘమునందును కాపరియు పెద్దలును కలిసి కూర్చుండు సభ యున్నది. దానిని కిర్క్ సెషను అందురు. ఒక ప్రాంతములోని సంఘములన్నిటిమీద ప్రెస్బిటరీ అను సభయు, దేశమంతటి సంఘముమీద జనరల్ అసెంబ్లీ అను మహాసభయు ఉన్నవి. ఒక్కొక్క కాపరి పరిచర్య చేయవలసిన సరిహద్దును పారిష్ అందురు. ఆ సరిహద్దులోని జనులందరు, గుడికి వచ్చువారైనను రానివారైనను, ఆ కాపరి బాధ్యతలోని వారే.

కాపరి వెళ్లిపోగానే ప్రెస్బిటరీ ఒకరిని తాత్కాలిక మోడరేటరుగా నియమించును. ఆయన పొరుగు సంఘపు కాపరి కావచ్చును, అనుభవముగల మరియొకరు కావచ్చును. సెషనుకు అధ్యక్షత వహించుటయు, ఎన్నిక క్రమముగా జరుగునట్లు చూచుటయు ఆయన పని. కాపరిని ఏర్పరచుట మాత్రము ఆయన పని కాదు. ప్రెస్బిటరీ పిలుచుటకు అనుమతి నిచ్చిన తరువాత సంఘస్థుల పేర్లతో ఓటర్ల పట్టీ సిద్ధమగును. ఆ సంఘస్థులు తమలోనుండి ఎంపిక కమిటీని ఏర్పరచుకొందురు. 2003 నాటి చట్టము ప్రకారము ఆ కమిటీలో 13 మందికి మించి ఉండరాదు.

కమిటీవారు తమ పారిష్ యొక్క స్థితిగతులను వ్రాసి ప్రకటింతురు. ఎన్ని గ్రామములున్నవి, ఎందరు కూడుదురు, పాఠశాల ఉన్నదా, సంఘము ఏమి నిరీక్షించుచున్నది అను సంగతులను దాచక వ్రాయవలెను. ఎవరైన ఒక కాపరి పేరు ముందుకు వచ్చినయెడల, కమిటీవారు ఆయన సంఘమునకు ప్రయాణమై వెళ్లి, వెనుక బల్లలమీద ఎవరికిని చెప్పకుండ కూర్చుండి ప్రసంగము విందురు. చిన్న ఊళ్లలో క్రొత్త ముఖములు దాగవు గనుక ఆ ఊరివారు సంగతి గ్రహింపక మానరు! అయినను పేర్లను బయటపెట్టకుండుట కమిటీవారి ధర్మము.

చివరకు కమిటీ సంఘము ఎదుట ఒక్క పేరును మాత్రమే ఉంచును. ఆ ఒక్కరు ఒక ఆదివారమున వచ్చి ఆరాధన నడిపింతురు. ఆరాధన ముగిసిన పిమ్మట సంఘస్థులు రహస్యముగా ఓటు వేయుదురు. సమ్మతి కలిగినచో పిలుపు పత్రము వ్రాయబడును. ఎన్నికైన వారిని తమ కాపరిగా ఉండుటకు పిలుచుచున్నామని సంఘస్థులు దానిమీద సంతకములు చేయుదురు. ప్రెస్బిటరీ ఆ పిలుపును అంగీకరించి దినము నిర్ణయించును. ఆయన నడవడికిగాని బోధకుగాని ఎవరికైనను ఆక్షేపణ ఉన్నదా యని ముందుగా ప్రకటించి అడుగుదురు. 1968 నుండి స్త్రీలకును ఈ పరిచర్య ద్వారము తెరవబడినది.

2. ఈ హక్కు ఎంత వెలకు వచ్చెను

ఈ సంతకముల వెనుక పెద్ద చరిత్ర యున్నది. 1560లో జాన్ నాక్సును ఆయన తోటివారును సిద్ధపరచిన మొదటి క్రమశిక్షణ గ్రంథములోనే, కాపరిని ఎన్నుకొనుట సంఘమునకు చెందిన పని యని వ్రాయబడెను. అయినను ఆచరణలో భూస్వాములు ఆ హక్కును తమ చేతిలో ఉంచుకొనిరి. దీనిని పేట్రనేజి అనిరి. 1690లో ఆ హక్కు తీసివేయబడెను గాని, 1712లో పార్లమెంటు దానిని మరల భూస్వాముల కిచ్చెను. ఊరి దొర ఒకరిని పంపును, సంఘము ఒప్పుకొనవలెను. పిలుపు పత్రము మిగిలినను అది పేరునకే మిగిలెను.

దీనిని సహింపలేక 1733లో ఎబెనేజరు ఎర్స్కినును ఆయన తోటి కాపరులును వేరై పోయిరి. నూరు సంవత్సరముల తరువాత, 1834లో జనరల్ అసెంబ్లీ ఒక తీర్మానము చేసెను. సంఘములోని కుటుంబ యజమానులలో ఎక్కువమంది వద్దనినయెడల దొర పంపిన వానిని నియమింపరాదని దాని భావము. వెంటనే పరీక్ష వచ్చెను. ఆక్టరార్డరు అను పారిష్‌లో దొర పంపిన వాని పిలుపు పత్రముమీద సంతకము చేసిన పారిష్ వారు ఇద్దరే. 330 మంది కుటుంబ యజమానులలో 287 మంది వద్దనిరి. వ్యాజ్యము న్యాయస్థానములకు ఎక్కెను. 1839లో ప్రభువుల సభ కూడ దొర హక్కునే నిలిపెను.

ఇంకొక సంగతి మరింత మనస్సును కదలించును. దేశపు ఈశాన్య భాగమున మార్నోక్ అను పారిష్‌లో నియమింపబడవలసిన వాని పిలుపు పత్రముమీద సంతకము చేసిన పారిష్‌వాడు ఒక్కడే, అతడు పూటకూళ్లయింటివాడు. అయినను 1841 జనవరి 21న, మంచు పడియున్న దినమున, నియామకము జరిపించుటకు కాపరులు కొందరు వచ్చిరి. సంఘస్థులు ఎవరిమీదను చెయ్యెత్తలేదు. తమ ఆక్షేపణను చదివించి, బల్లలమీదనున్న తమ పరిశుద్ధ గ్రంథములను చేతపట్టుకొని, తమ పితరులు ఆరాధించిన దేవాలయమును విడిచి బయటకు నడిచిరి. వారిలో వృద్ధులు అనేకులుండిరి. ఖాళీ బల్లల యెదుట నియామకము జరిగెను. గుడి దొరికెను, తాళపుచెవి దొరికెను, మంద దొరకలేదు.

1843 మే 18న ఎడింబరోలో జనరల్ అసెంబ్లీ కూడినప్పుడు విభజన జరిగెను. అధ్యక్షుడు డేవిడ్ వెల్షు ఆక్షేపణ పత్రమును చదివి బల్లమీద నుంచి బయటకు నడిచెను. థామస్ చామర్సు మొదలగువారు ఆయనను వెంబడించిరి. 450 మందికి పైగా కాపరులు తమ జీతమును, ఇంటిని, దేవాలయమును విడిచి స్వతంత్ర సంఘముగా ఏర్పడిరి. ఇండియాలోనున్న ఆ సంఘపు మిషనరీలును వారితోనే చేరిరి. కలకత్తాలో అలెగ్జాండరు డఫ్ తాను కట్టించిన విద్యాలయ భవనమును విడిచి మరల మొదటినుండి ఆరంభింపవలసి వచ్చెను. కొన్ని చోట్ల దొరలు గుడి కట్టుకొనుటకు జానెడు నేలయైన ఇయ్యలేదు. స్ట్రాన్షియన్ అను చోట వారు 1846లో ఇనుముతో తేలియాడు గుడిని చేయించి, సునార్టు అను సముద్రపు పాయలో లంగరు వేసి, పడవలలో వెళ్లి ఆరాధించిరి. తుదకు 1874లో పార్లమెంటు భూస్వాముల హక్కును రద్దుచేసెను. విడిపోయినవారిలో అధిక భాగము 1929లో మరల ఏకమైరి.

కాబట్టి నేడు ఒక వృద్ధురాలు పిలుపు పత్రముమీద వణకుచున్న చేతితో సంతకము చేయునప్పుడు, అది కేవలము సిరాతో చేసినది కాదు. ఇండ్లను, జీతములను పోగొట్టుకొన్నవారి త్యాగము ఆ సంతకము క్రింద నున్నది.

3. ఏర్పరచుకొనువారికి వచ్చు శోధన

హక్కు వచ్చినంత మాత్రమున జ్ఞానము రాదు. పూర్వము అనేక సంఘములలో పలువురు కాపరులు ఒకరి తరువాత ఒకరు వచ్చి ప్రసంగించుచుండిరి. జనులు వారిని సరిపోల్చి చూచుచుండిరి. ఒకరి కంఠము బాగున్నదనియు, మరియొకరు పొట్టివారనియు, ఇంకొకరు ఎక్కువసేపు మాటలాడిరనియు చెప్పుకొనుట ఎంత సులభము! ఇట్టిచోట ఆరాధన పందెమగును. ఓడినవారి పక్షమువారు క్రొత్త కాపరిని మొదటినుండియే వేరుగా చూతురు. ఒక్క పేరునే సంఘము ఎదుట నుంచు పద్ధతి ఈ కీడునుండి కాపాడును. ఇద్దరిలో ఎవరు గొప్పవారు అని అడుగుటకు మారుగా, ఈ ఒక్కరిని దేవుడు మనకు ఇచ్చుచున్నాడా అని అడుగవలసి వచ్చును.

సమూయేలు యెష్షయి ఇంటికి వెళ్లినప్పుడు ఏలీయాబు ఎత్తును, రూపమును చూచి ఇతడే యనుకొనెను. ప్రవక్తకే అట్టి పొరపాటు కలిగినయెడల మనకు కలుగుట వింత కాదు. దేవుడు చూచునది హృదయము. గొఱ్ఱెలను కాయుచున్న కడపటివానిని ఎవరును పిలువనైన లేదు.

అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయములో శిష్యులు చేసిన పనిని గమనించుడి. ఖాళీ ఉన్నదని దాచలేదు. ఎట్టివాడు కావలెనో ముందుగా చెప్పుకొనిరి: ప్రభువుతోకూడ మొదటినుండి నడిచినవాడు, ఆయన పునరుత్థానమునకు సాక్షి కాదగినవాడు. తరువాత ప్రార్థించిరి. ఆరవ అధ్యాయములో సంఘమంతయు ఏడుగురిని ఏర్పరచెను. అపొస్తలులు వారిమీద చేతులుంచిరి. మంచిపేరు, ఆత్మ, జ్ఞానము అను మూడు గుణములు అడుగబడెను. వాక్చాతుర్యము ఆ పట్టీలో లేదు.

4. కాపరులు కొరతయైన కాలము

నేడు స్కాట్లాండు సంఘములకు వచ్చిన కష్టము వేరు. ఇప్పుడు ఏ దొరయు వారిమీద ఎవరిని రుద్దుట లేదు. హక్కు పూర్తిగా నున్నది. పిలువదగిన మనుష్యులు కరవైరి. 1950 ప్రాంతములలో ఆ సంఘపు సభ్యులు 13 లక్షల వరకు ఉండిరి. ఇప్పుడు 3 లక్షలకంటె తక్కువ. కాపరులలో అనేకులు వృద్ధులైరి. కనుక ప్రెస్బిటరీ మొదట అడుగు ప్రశ్నయే మారినది. ఈ సంఘము ఎవరిని పిలువవలెను అని కాదు. ఇక్కడ ప్రత్యేకముగా ఒక కాపరిని ఉంచగలమా అని. 2021లో జనరల్ అసెంబ్లీ చేసిన చట్టము ననుసరించి ప్రతి ప్రెస్బిటరీయు తన ప్రాంతమునకు పరిచర్య ప్రణాళిక వేయవలసి వచ్చెను. దానివలన అనేక సంఘములు పొరుగువారితో కలిసిపోయినవి. కొన్ని దేవాలయములు మూయబడినవి. ఒకే కాపరి మూడు నాలుగు గుళ్లకు తిరుగుచుండుట అక్కడ సాధారణమైనది.

అట్లయిన ఆ చిన్న సంఘము కాపరి వచ్చువరకు ఏమి చేయును? పని విరమించిన పాదిరులో, శిక్షణ పొందిన వాక్యపాఠకులో వచ్చి ప్రసంగింతురు. ఎవరును రాని ఆదివారమున పెద్దలే ప్రార్థన నడిపింతురు. ఇంటింటిని దర్శించుటకు పెద్దలకు ఇండ్లు పంచియిచ్చుట వారి పాత వాడుక. ఆ వాడుక నిలిచిన చోట రోగి ఒంటరిగా ఉండడు. కాపరి లేకున్నను గంట మ్రోగును. అటువంటి సంఘమునకు వచ్చు కాపరి బీడునేలకు కాక, పైరున్న పొలమునకు వచ్చును.

5. మనకు కలుగు బోధ

మన గ్రామ సంఘములలో అనేకములకు డయోసీసుగాని సినడుగాని కాపరిని బదిలీచేసి పంపును. మనము ఓటు వేయము. బాప్తిస్టు సంఘములలో సంఘమే కాపరిని పిలుచును. ఏ పద్ధతి మేలో నిర్ణయించుట ఈ పాఠము ఉద్దేశము కాదు. పద్ధతి ఏదైనను ఒక సత్యము మాత్రము మారదు: పిలుచువారు పిలిచినందున బద్ధులగుదురు.

స్కాట్లాండులో నియామక ఆరాధన జరుగునప్పుడు క్రొత్త కాపరి మాత్రమే ప్రశ్నలకు ఉత్తరమియ్యడు. సంఘస్థులు కూడ తమ కాపరిని గౌరవించి, ఆదరించి, పనిలో తోడ్పడుదుమని మాట ఇయ్యవలెను. ఆలోచించుడి. మన కాపరి మన ఊరికి వచ్చిన దినమున మనము దండలు వేసితిమి, పాటలు పాడితిమి. మాట యిచ్చితిమా?

కాపరి బదిలీయై వెళ్లిన మరుసటి వారమే ఆదివారపు బడి ఆగిపోయినయెడల, రోగుల ఇంటికి వెళ్లువారు లేనియెడల, దాని భావమేమి? మందకు పని నేర్పబడలేదు; లేక నేర్పబడినను మంద ఆ భారమంతయు ఒక్కని భుజముమీదనే మోపినది. మరియు క్రొత్తవారు వచ్చిన తరువాత, మునుపటి అయ్యగారు ఇట్లు చేయలేదని దినదినము చెప్పుచుండినచో, మనము పౌలు వాడననియు అపొల్లో వాడననియు చెప్పుకొన్న కొరింథీయుల వలె ఉందుము. ఒకడు నాటెను, ఒకడు నీళ్లు పోసెను, వృద్ధి కలుగజేయువాడు దేవుడే (1 కొరింథీ. 3:6).

సంఘమునకు ప్రధాన కాపరి ఒకడున్నాడు (1 పేతురు 5:4). ఆయన బదిలీ కాడు, విరమించుకొనడు. మాన్సుకు తాళము పడిన దినమునను, ప్రసంగ పీఠము ఖాళీగా నున్న దినమునను మంద ఆయనదే. ఈ సంగతి ఎరిగిన సంఘము తొందరపడి ఎవరినో పట్టుకొనదు, నిరాశతో చెదరిపోదు, ప్రార్థించుచు, పనిచేయుచు, కనిపెట్టుకొని యుండును.

కూటములలో చర్చించుటకు ప్రశ్నలు

1. అపొ. కార్య. 1, 6 అధ్యాయములలో పనివారిని ఏర్పరచుటకు ముందు విశ్వాసులు ఏమి చేసిరి? మనము వాటిలో దేనిని విడిచిపెట్టుచున్నాము?
2. మార్నోక్ సంఘస్థులు కోపముతో కలహింపక బయటకు నడిచిరి. సంఘములో అభిప్రాయభేదము కలిగినప్పుడు వారినుండి మనము ఏమి నేర్చుకొనగలము?
3. మన కాపరి ఆరు నెలలు లేకపోయిన, మన సంఘములో ఏ యే పనులు ఆగిపోవును? వాటిని ఎవరు చేపట్టగలరో పేరు పేరున చెప్పుకొనుడి.
4. హెబ్రీయులకు 13:17 చదువుడి. మన కాపరి తన పనిని దుఃఖముతో కాక ఆనందముతో చేయునట్లు ఈ నెలలో మన ఇంటివారు చేయగల ఒక పని ఏది?

ప్రార్థనాంశము: కాపరులు లేని చిన్న సంఘముల కొరకును, అనేక గ్రామముల భారమును ఒంటరిగా మోయుచున్న కాపరుల కొరకును, పిలుపును విని ఇంకను ఉత్తరమియ్యని యౌవనస్థుల కొరకును ప్రార్థించుదము.