వెనుక ఇరుసు నూనె కారుట: ఇంటియొద్ద చేసికొనదగిన మరమ్మతు

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల రైతులలో కొందరు నేటికిని పాత జీపులను, అంబాసిడరు కార్లను వాడుకొనుచున్నారు. అంబాసిడరు నిర్మాణము 2014లోనే నిలిచిపోయినది. కావున ఉన్న బండిని కాపాడుకొనుటయే లాభము. ఇవి సరళమైన కట్టుబడి గలవి. చిన్న మరమ్మతులు ఇంటియొద్దనే చేసికొనవచ్చును. అయినను, బండి నిలిపినచోట నూనెచుక్క కనబడినప్పుడు "పాతబండికి ఇది మామూలే" యని ఊరకుండుట పలువురి అలవాటు. ఆ అలవాటు తగదని ఈ పాఠమున విన్నవింతుము.

నష్టము రెండు విధములు. వెనుక ఇరుసు నడుమనున్న గుండ్రని పెట్టెను మెకానిక్కులు హౌసింగు అందురు. అందు పినియను, క్రౌను అను పండ్లచక్రములు గేరునూనెలో తిరుగుచుండును. నూనె తగ్గినచో పండ్లు వేడెక్కి అరిగిపోవును. సీలు ధరతో తీరవలసిన పని హౌసింగు ఖర్చునకు వచ్చును. ఇంతకన్న ముఖ్యమైనది రెండవది. ఇరుసు కొనలయందు కారిన నూనె బ్రేకు లైనర్లకు అంటినచో బ్రేకు పట్టదు, లేక బండి ఒక ప్రక్కకు లాగును. టమాటా పెట్టెలతో మొగిలి కనుమ దిగువారికిని, హార్సిలీ కొండ దిగువారికిని ఇది ప్రాణాపాయము.

1. చోటు కనిపెట్టుట. బండిని చదునైన నేలపై నిలిపి, ముందు చక్రములకు ఇరువైపుల రాళ్లు పెట్టవలెను. వెనుకభాగము ఎత్తినచో జాకీని మాత్రమే నమ్మి క్రిందికి దూరరాదు. గట్టి స్టాండ్లు తప్పక ఉండవలెను. హౌసింగును కిరసనాయిలుతో కడిగి, తుడిచి, ఆరనిచ్చి, దానిపై ముగ్గుపిండి పలుచగా చల్లవలెను. తరువాత పది పదిహేను కిలోమీటర్లు నడిపి చూచినచో నూనె బయలుదేరిన చోట పిండి తడిసియుండును. గాలి నూనెను వెనుకకు నెట్టును గాన, అన్నిటికన్న ముందునను, పైనను ఉన్న తడియే మూలమని యెరుగవలెను.

2. ఊపిరిగొట్టము. సీలు కొనుటకు ముందు దీనిని చూడవలెను. పలువురు మరచునది ఇదియే. ఇరుసుపై బ్రీదరు అను చిన్న మూత యుండును. బండి నడచినకొలది లోపలిగాలి వేడెక్కి వ్యాకోచించును. బ్రీదరు పొలముల దుమ్ముతో, బురదతో మూసుకొనినచో ఆ గాలికి దారిలేక, మంచి సీలుగుండ సైతము నూనెను బయటికి నెట్టును. అట్టిచోట క్రొత్తసీలు వేసినను కొలది దినములలో మరల కారును. బ్రీదరును విప్పి, కిరసనాయిలుతో కడిగి, గాలి ఆడునట్లు చేసి, మరల పిండి చల్లి పరీక్షింపవలెను. కారుట ఆగినచో ఖర్చు లేకయే పని ముగిసినట్లు.

3. నూనెమట్టము. ముందుగా నూనె పోయు బోల్టునే విప్పవలెను. అది రాకమునుపు క్రింది బోల్టు విప్పి నూనె వదలినచో, తిరిగి పోయు దారి యుండదు. నూనె ఆ రంధ్రపు క్రిందియంచు వరకు ఉండవలెను. అంతకు మించి పోసినను కారును. నూనె మజ్జిగవలె తెల్లబారినచో నీరు చేరినదని గ్రహించి అంతయు మార్పవలెను. ఏ నూనె పోయవలెనో బండి పుస్తకమును చూచి నిర్ణయింపవలెను.

4. మూత ప్యాకింగు. హౌసింగుకు మూతగల బండ్లలో అచ్చట కారుచున్నచో, మొదట బోల్టులను ఎదురెదురుగా సమముగా బిగింపవలెను. ఆగనిచో మూత తీసి, పాత ప్యాకింగును గీకి, క్రొత్తది వేయవలెను.

5. పినియను సీలు. నూనె ప్రొపెల్లరు షాఫ్టువద్ద బయలుదేరి, బండి అడుగున వలయముగా చిమ్మియున్నచో ఈ సీలు చెడినట్లు. ఇచ్చటి నట్టు బిగింపుపై బేరింగుల ఆయుర్దాయము ఆధారపడియుండును. షాఫ్టును చేతితో కదల్చినప్పుడు పినియను ఊగినచో బేరింగే అరిగినది, క్రొత్తసీలు నిలువదు. ఈ పనిని తెలిసిన మెకానిక్కునకు అప్పగించుట మేలు.

6. ఇరుసు కొనలు. చక్రము లోపలివైపు తడి యున్నచో డ్రమ్ము విప్పి చూడవలెను. జిగటగా, గంధకపు వాసన గలది గేరునూనె. పలుచగా నున్నది బ్రేకు నూనె కావచ్చును. గేరునూనె యైనచో సీలును మార్చి, నూనె పీల్చిన లైనర్లనుకూడ మార్పవలెను. వానిని కడిగి వాడుట మోసమగును. రెండువైపుల లైనర్లను ఒకేసారి మార్పవలెను. ఇది ముగియువరకు బండిని కనుమదారికి తీసికొనిపోరాదు.

తీసిన పాతనూనెను కాలువలోగాని, బావిదగ్గరగాని పారబోయరాదు. అది నీటిని, నేలను చెరచును. డబ్బాలో పట్టి, పాతనూనె కొనువారికి ఈయవలెను.

ఎద్దు కుంటిన దినముననే గిట్టను ఎత్తి చూచు రైతు, బండి క్రింద చుక్క కనబడిన దినముననే వంగి చూచుట కష్టము కాదు. సంతకు సరకు ఎత్తుటకు ముందటి సాయంకాలము ఒక్క నిమిషము ఇందుకు వినియోగింపుడని కోరుచున్నాము.