జీపులోంచి చూసిన ఏనుగులు

మాది పలమనేరు దగ్గర పల్లె. మా చదువుల కేంద్రం వాళ్లం ఎనిమిది మందిమి కర్ణాటకలోని బండీపూర్ అడవి చూడబోయాం. పొద్దున్నే అటవీ శాఖ జీపు ఎక్కాం.

ఒక మలుపులో డ్రైవరు జీపు ఆపాడు. "మాట్లాడొద్దు. కిందికి దిగొద్దు" అన్నాడు.

పొదల్లోంచి ఏనుగులు వచ్చాయి. ముందు ఒక ముసలి ఆడ ఏనుగు. నడుమ గున్నలు. గుంపుకు పెద్ద దిక్కు ఆడ ఏనుగే. నీళ్లు, మేత ఎక్కడుంటాయో దానికి తెలుసు. మగ గున్నలు పెద్దయ్యాక గుంపును వదిలిపోతాయి.

అది మా వైపు తిరిగింది. చెవులు విప్పింది. తొండం ఎత్తి వాసన పట్టింది. దగ్గరికి రావొద్దని చెప్పడం అది. మేం కదల్లేదు. గున్నలు దారి దాటాయి. వెనకే అదీ పోయింది.

"మా చెరకు మడిలో పడితే టపాకాయలు కాల్చి తరిమినాం నాయనా. గున్న ఉందేమో చూడలేదు" అంది మాతో వచ్చిన అవ్వ. ఆమె పంట ఒక్క రాత్రిలో పోయింది. అది చిన్న బాధా?

పెద్ద ఏనుగు రోజుకు 150 కిలోల దాకా మేస్తుంది. 1980ల్లో పక్క రాష్ట్రాల నుంచి ఏనుగులు మన కొండలకు వచ్చాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. అడవి అంచునే మన పొలాలు.

ఏనుగు కనిపిస్తే దగ్గరికి పోకండి. అటవీ శాఖ వాళ్లకు చెప్పండి. కంచెకు కరెంటు పెట్టకండి. దాని వల్ల మనుషులూ చచ్చిపోయారు.

తిరిగొచ్చాక అవ్వ పంట నష్టానికి అర్జీ రాసింది. పేరు, ఊరు, సర్వే నంబరు, ఏ పంట, ఏ రోజు పోయింది, అన్నీ తన చేత్తోనే రాసింది. మీరూ అలాంటి అర్జీ ఒకటి రాయండి.