చలికాలమున గుఱ్ఱపు పిల్లకు గొంగడి కప్పవలెనా?

మన ప్రాంతపు రైతులు గుఱ్ఱపు పిల్లలను కొనుట తఱచుగా చలికాలముననే జరుగును. నాందేడు జిల్లా లోహా తాలూకాలోని మాళేగాం గ్రామమున ఖండోబా జాతర మార్గశిరమాసమున సాగును. 1956వ సంవత్సరము వఱకు హైదరాబాదు రాష్ట్రమున నుండి, ఇప్పుడు మహారాష్ట్రమున నున్న ఆ గ్రామము గుఱ్ఱముల సంతకు పేరుపొందినది. అట్టి సంతలో ఏడాది, ఏడాదిన్నర వయస్సుగల పిల్లను కొని యింటికి దెచ్చిన రైతు, మొదటి రాత్రియే తన గొంగడిని తీసి దానిపై కప్పును. ఇది దయతో చేయు పనియే. అయినను ఆ దయ పిల్లకు మేలు చేయునో కీడు చేయునో ముందుగా విచారింపవలెను. మనకు చలి వేసినంత మాత్రమున గుఱ్ఱమునకును చలి వేయుచున్నదని తలంపరాదు.

1. గుఱ్ఱమునకు స్వభావసిద్ధమైన కప్పు

వర్షాకాలము కడచి పగళ్లు కుఱుచయగుకొలది గుఱ్ఱపు వెండ్రుకలు దట్టముగను పొడవుగను పెరుగును. చలి సోకినప్పుడు ఈ రోమములు నిక్కి, వాని నడుమ గాలి నిలుచును. ఆ గాలియే ఒంటి వేడిమిని వెలుపలికి పోనీయక కాపాడును. బరువైన గొంగడి కప్పినచో రోమములు అణగిపోయి, వాని నడుమ గాలి నిలువదు. పలుచని కప్పు రోమముల నణచునే గాని దానికి బదులుగా తగిన వేడిమి నీయజాలదు. కార్తీకమునుండియే ఎడతెగక కప్పుచు వచ్చిన పిల్లకు రోమము చక్కగా పెరుగదు. అట్టి పిల్లకు నడుమ కప్పుట మానరాదు. కావున అక్కఱ లేనిచో ఆ యలవాటు మొదలుపెట్టకుండుటయే మేలు.

2. మన ప్రాంతపు చలి

శీతలదేశములలో చలికి అలవాటుపడి, కడుపునిండ మేయు ఏడాది పిల్లలు నీరు గడ్డకట్టు చలిలోను కప్పు లేకయే పెరుగుచున్నవి. మన పిల్లలకు అంత యలవాటు లేదు. అయినను రోమము తడియక, గాలి తగులకున్నచో ఆరోగ్యముగల పిల్ల 5 డిగ్రీల సెంటీగ్రేడు వఱకు సులభముగ ఓర్చుకొనును. హైదరాబాదు ప్రాంతమున డిసెంబరు నెలలో తెల్లవారుజామున సగటున 14, 15 డిగ్రీలుండును. ఆదిలాబాదు ప్రాంతమున మాత్రము కొన్ని రాత్రులు 5 డిగ్రీలకును దిగువకు పోవును.

రైతులు ఇంకొక సంగతి గమనింపవలెను. తెల్లవారుజామున 15 డిగ్రీలున్న చోటనే మధ్యాహ్నమునకు 28 డిగ్రీలగును. రాత్రి కప్పిన గొంగడిని తీయక పొలము పనికి పోయినచో, పిల్ల ఆ యెండలో చెమర్చి తడియును. సాయంకాలపు చల్లగాలి ఆ తడిపై సోకినప్పుడు అసలైన చలి పట్టును. మన ప్రాంతమున కప్పకుండుటవలన కలుగు చెఱుపుకంటె, కప్పినదానిని వేళకు తీయకుండుటవలన కలుగు చెఱుపే హెచ్చు.

3. కప్పవలసిన పిల్లలు

ఈ క్రింది పిల్లలకు రాత్రివేళ కప్పుట మంచిది.

(అ) అప్పుడే పుట్టిన పిల్ల. దీనికి ఒంటి క్రొవ్వు మిక్కిలి తక్కువ, రోమము పలుచన. 20 డిగ్రీల చలియే దీనికి ఎక్కువ కావచ్చును. ముందుగా పొడిగుడ్డతో తుడిచి, తల్లిచెంత పొడిగడ్డిపై నుంచవలెను. రెండు మూడు గంటలలోపల ముఱ్ఱుపాలు త్రాగునట్లు చూడవలెను. బలహీనముగ నున్నచో మెత్తని కంబళి కప్పవలెను.

(ఆ) చిక్కిపోయిన పిల్ల. చలికాలపు రోమము కన్నును మోసగించును గాన, వ్రేళ్లతో ప్రక్కటెముకలను తడవి చూడవలెను. మెల్లగ నొక్కిన తగులుటయు, కంటికి కనబడకుండుటయు మంచి లక్షణములు. నొక్కకయే ఎముకలు తగిలినచో పిల్ల చిక్కినదని తెలియవలెను.

(ఇ) జబ్బుపడి లేచినది, రోమము కత్తిరింపబడినది, దూరప్రయాణమున అలసి వచ్చినది.

(ఈ) అకాలవర్షమున తడిసినది. తడి రోమము చలి నాపదు. అట్టి పిల్లను గాలి తగులని చోటికి చేర్చి, గడ్డితో చక్కగా రుద్ది, ఆరిన పిదపనే కప్పవలెను. తడిమీద కప్పినచో తడి లోపలనే నిలుచును.

వీనిలో ఏదియు కాక, మంచి మేతయు పొడి సాలయు గల పిల్లకు కప్పనక్కఱ లేదు.

4. కప్పు విధము

మొదటిసారి పగటివేళనే, ఒకరు పగ్గము పట్టుకొనియుండగా, గొంగడిని మడిచి మూపుపై నుంచి మెల్లగ విప్పవలెను. భయపడు పిల్లను బలవంతము చేయరాదు. గొంగడి మూపునుండి తోక మొదలు వఱకు వచ్చి, ఱొమ్మున బిగువుగా నుండరాదు. పొట్టక్రింద కట్టు పట్టెడలో అఱచేయి దూరునంత సందుండవలెను. పట్టెడ వెన్నెముకను నొక్కకుండ దానికి రెండు ప్రక్కల మెత్తలు కుట్టవలెను. పిల్ల పెరుగుచుండును గాన, పదునైదు దినముల కొకసారి కొలత సరిచూడవలెను. మూపున వెండ్రుకలు రాలినచో ఒరయుచున్నదని తెలిసి, వెంటనే సవరింపవలెను.

ముందు వెనుక కాళ్లకు త్రాళ్లు కట్టు అలవాటు గలవారు మిక్కిలి జాగ్రత్త వహింపవలెను. జాఱిన గొంగడి ఆ త్రాళ్లలో చిక్కినచో పిల్ల బెదరి కాలు విఱుగగొట్టుకొనును. ప్రతి ఉదయము ఎండ రాకమునుపే గొంగడిని తీసి, ఒంటిని చేతితో తడవి చూచి, గొంగడిని ఎండలో ఆఱవేయవలెను. ఒక పశువు గొంగడిని మఱియొకదానికి కప్పరాదు. గజ్జి, తామర అట్లే అంటుకొనును.

5. గొంగడికంటె ముఖ్యమైనవి

గుఱ్ఱమునకు లోపలి కుంపటి మేతయే. ఎండుగడ్డి పెద్దప్రేగులో పులియునపుడు వేడిమి పుట్టును. 200 కిలోల బరువుగల పిల్లకు దినమునకు 4 నుండి 5 కిలోల పొడిమేత కావలెను. చలిరాత్రులలో ఎండిన గరికగడ్డిని కొంచెము హెచ్చించి, పడుకొనుటకు ముందు వేయవలెను. ఉలవలు మాత్రము ఒక్కసారిగా హెచ్చింపరాదు. అందువలన కడుపుశూలయు, గిట్టల నొప్పియు కలుగును. బూజుపట్టిన మేత దగ్గు తెచ్చును.

చల్లని నీటిని పిల్ల చాలినంత త్రాగదు. నీరు తక్కువైనచో మేత ప్రేగులలో గట్టిపడి శూల కలుగును. కావున చలి తీఱిన నీటిని పలుమార్లు పెట్టవలెను.

సాలకు మూడు వైపుల గోడలుండి, దక్షిణము తెఱపిగ నున్నచో చాలును. చలికి భయపడి తలుపులు మూయుటయు, లోపల నెగడు వేయుటయు మంచివి కావు. మూత్రపు ఘాటును పొగయును ఊపిరితిత్తులను చెఱచును.

6. వణకు అంతయు చలి కాదు

ఇది అన్నిటికంటె ముఖ్యమైన సంగతి. గాలి లేని పొడి సాలలో, కడుపునిండ మేసిన పిల్ల వణకుచున్నచో అది జ్వరము కావచ్చును. అట్టి పిల్లకు గొంగడి కప్పి తెల్లవాఱువఱకు వేచియున్న రైతు, వైద్యమునకు దక్కిన కాలమును పోగొట్టుకొనును. ప్రక్కగా నిలిచి, దారము కట్టిన థర్మామీటరును మలద్వారమున నుంచి చూడవలెను. ఏడాది పిల్లకు 37½ నుండి 38½ డిగ్రీల సెంటీగ్రేడు, అనగా ఫారెన్‌హీటున 99½ నుండి 101½ వఱకు సహజము. అంతకు మించి యుండి, మేత మానుట, ముక్కు కాఱుట, దవడక్రింద వాపు కనబడినచో పశువైద్యుని పిలువవలెను. సంతనుండి తెచ్చిన పిల్లను మూడు వారములు తక్కిన గుఱ్ఱములకు దూరముగ కట్టుట ఇందుకే.

7. సారాంశము

రాత్రి పడుకొనుటకు ముందు రైతు నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను. ఒళ్లు పొడిగ నున్నదా? గాలి మఱుగు కలదా? ముందర మేత కలదా? ఎముకలపై కండ కలదా? నాలుగింటికిని ఔనని వచ్చినచో గొంగడి నక్కఱ లేదు. ఏ యొక్కటి కాదన్నను మొదట ఆ లోపమును తీర్పవలెను. అది ఆ రాత్రికి తీఱనిచో అప్పుడు కప్పవలెను. కప్పినవాడు తెల్లవారగనే తీయుటకు కట్టుపడవలెను. తీయు తీరిక లేనివాడు కప్పకుండుటయే పిల్లకు క్షేమము.